వేడి పోయే దారి: కండెన్సర్ కాయిల్ కథ

 

ఈ స్వర్ణోత్సవ సంచికలో ఎవరి వృత్తి గురించి వారు నాలుగు మాటలు రాయాలని సంపాదక వర్గం కోరింది. మన బడి నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు, అధికారులు, ఉపాధ్యాయులు ఎందరో వచ్చారు. పదో తరగతి కాగానే ఐటీఐలో చేరి, పానా చేతబట్టి బతుకు వెళ్లదీసిన వాళ్లమూ ప్రతి బ్యాచిలోనూ ఉన్నాం. నాది రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడు. ఐసు ఫ్యాక్టరీల్లో, శీతల గిడ్డంగుల్లో, ఇళ్ల డాబాల మీద ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఇన్నేళ్లలో నా చేతులు ఎక్కువగా తడిమిన వస్తువు కండెన్సర్ కాయిల్. పాత ఫ్రిజ్ వెనక నల్లటి జల్లెడలా ఉండేది అదే. ఏసీ బయటి పెట్టెలో రేకుల మధ్య మెలికలు తిరిగే రాగి గొట్టం కూడా అదే. చల్లగాలి వచ్చే వైపు అందరూ చూస్తారు. వేడి పోయే వైపు ఎవరూ చూడరు. అందుకే ఆ రెండో వైపు చరిత్ర రాయాలనుకున్నాను.

ముందుగా ఒక చిన్న సంగతి చెప్పుకుందాం. ఏ యంత్రమూ చల్లదనాన్ని తయారు చెయ్యదు. లోపలి వేడిని తీసి బయట పారబోస్తుంది, అంతే. పడవలోకి వచ్చిన నీళ్లను తోడి బయట పోసినట్టన్నమాట. లోపల వేడిని తోడేది ఒక కాయిల్, బయట పారబోసేది ఇంకో కాయిల్. ఈ రెండోదే కండెన్సర్. గదిలోంచి తీసిన వేడితో పాటు కంప్రెసర్ తిన్న కరెంటు తాలూకు వేడిని కూడా ఇదే వదిలించుకోవాలి. కాబట్టి లోపలి కాయిల్ కన్నా దీనికి బరువెక్కువ. శీతలీకరణ చరిత్రలో చాలా భాగం ఈ వేడిని ఎక్కడ పారబొయ్యాలన్న ప్రశ్న చుట్టూనే నడిచింది.

స్పిరిట్ చుక్క

మా సైన్సు మాస్టారు అరచేతిలో స్పిరిట్ చుక్క వేసి, ఊదమనేవారు. చెయ్యి జిల్లుమనేది. ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి, ఆ వేడిని నీ చేతి నుంచే తీసుకుంది అని చెప్పేవారు. 18వ శతాబ్దం మధ్యలో స్కాట్లండులో విలియం కల్లెన్ అనే వైద్య ఆచార్యుడు ఇదే సూత్రంతో కొంచెం మంచు తయారుచేసి చూపించాడు. ఆయన ఈథర్ వాడాడు. పాత్రలో గాలి తీసేసి ఈథర్ చప్పున ఆవిరయ్యేలా చేశాడు. మంచు వచ్చింది గానీ ఈథర్ గాలిలో కలిసిపోయింది. మళ్లీ మంచు కావాలంటే మళ్లీ ఈథర్ కొనాలి. అది ప్రయోగంగా బాగుంటుంది, వ్యాపారానికి పనికిరాదు.

పోయిన ఆవిరిని మళ్లీ ద్రవంగా మార్చుకోగలిగితే ఒకే సరుకు ఎన్నాళ్లయినా తిరుగుతుంది. అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన జేకబ్ పెర్కిన్స్ 1834లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆవిరిని పంపుతో నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడి ఆవిరిని నీళ్ల తొట్టిలో ముంచిన గొట్టం గుండా పంపితే వేడి నీళ్లకు పోయి, ఆవిరి ద్రవమవుతుంది. ఆ ద్రవాన్ని చిన్న సందు గుండా వదిలితే మళ్లీ ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగుతుంది. ఇవాళ మన ఇంట్లో ఫ్రిజ్ చేసేది సరిగ్గా ఇదే.

నీళ్లలో చుట్టల గొట్టం పెర్కిన్స్ కనిపెట్టింది కాదు. అత్తరు తీసేవాళ్లకు, సారా కాచేవాళ్లకు ఆవిరిని చల్లార్చి చుక్కలుగా పట్టుకోవడం ఎప్పటి నుంచో తెలుసు. బట్టీలో చుక్క బయటికి వస్తుంది. ఇక్కడ బయటికి రాకూడదు, మూసిన గొట్టంలో తిరుగుతూనే ఉండాలి. ఒక్క చుక్క కూడా కారకుండా గొట్టాలు అతకడం అన్న మా వృత్తి అక్కడే మొదలయిందని నేననుకుంటాను. 1850లలో ఆస్ట్రేలియాలోని జీలాంగ్ పట్టణంలో జేమ్స్ హారిసన్ అనే పత్రికా సంపాదకుడు ఈ పద్ధతిలోనే ఐసు తయారుచేసే పెద్ద యంత్రాలు కట్టించాడు.

ఓడలో వచ్చిన ఐసు

అదే కాలంలో మన దేశానికి చల్లదనం ఓడల్లో వచ్చేది. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ అక్కడి చెరువులు గడ్డకట్టినప్పుడు మంచును దిమ్మలుగా కోయించి ఎగుమతి చేసేవాడు. 1833లో ఆయన పంపిన టస్కనీ అనే ఓడ నాలుగు నెలల ప్రయాణం తరవాత కలకత్తా చేరింది. సుమారు 180 టన్నులతో బయలుదేరితే దాదాపు 100 టన్నులు మిగిలింది. తొమ్మిదేళ్ల తరవాత, 1842లో, మద్రాసు సముద్రతీరంలో ఐసు నిలవకు గుండ్రటి గోడల భవనం కట్టారు. అదే ఐస్ హౌస్. 1897లో వివేకానందస్వామి పడమటి దేశాల నుంచి తిరిగి వచ్చినప్పుడు బస చేసింది ఆ భవనంలోనే. ఇప్పుడు దాన్ని వివేకానందర్ ఇల్లం అంటున్నారు. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోవే కాబట్టి ఇది మన చరిత్ర కూడా. మెరీనాకు వెళ్లిన తెలుగువారు దాని ముందు ఫొటో దిగుతారు గానీ అది ఒకప్పుడు ఐసు గోదామని చాలామందికి తెలియదు.

1870లలో మద్రాసులోనే యంత్రంతో ఐసు తయారుకావడం మొదలయింది. ఇక బోస్టన్ ఐసును కొనేవాళ్లు లేకపోయారు. ఆ వ్యాపారం గుర్తుగా ఒక మాట మాత్రం మిగిలింది. ఒకటిన్నర టన్నుల ఏసీ అంటాం కదా, అది ఏసీ బరువు కాదు. ఒక అమెరికా టన్ను, అంటే సుమారు 907 కిలోల ఐసు 24 గంటల్లో కరిగితే ఎంత వేడి పీల్చుకుంటుందో అంత వేడిని తీసే శక్తికి ఒక టన్ను అని పేరు. మన లెక్కలో సుమారు మూడున్నర కిలోవాట్లు. ఏసీ కొనేటప్పుడు మనం ఇంకా ఆ ఐసు వ్యాపారుల భాషలోనే అడుగుతున్నాం.

ఐసు ఫ్యాక్టరీ డాబా మీద

1870లలోనే జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే అమ్మోనియాతో నడిచే యంత్రాలు తయారుచేశాడు. అమ్మోనియా వేడిని బాగా మోస్తుంది, చవక. కానీ రాగిని తినేస్తుంది. అందుకే అమ్మోనియా ప్లాంటులో గొట్టాలన్నీ ఇనుమువి, ఉక్కువి. ఇవాళ్టికీ మన చేపల రేవుల దగ్గర ఐసు ఫ్యాక్టరీలు, గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఎక్కువగా నడిచేది అమ్మోనియాతోనే.

నేను మొదట పనికి కుదిరింది అలాంటి ఐసు ఫ్యాక్టరీలోనే. డాబా మీద ఇనుప గొట్టాలు ఒకదాని మీద ఒకటి వరసలుగా ఉండేవి. పై నుంచి నీళ్లు పలచగా జారేవి. లోపల వేడి అమ్మోనియా, బయట నీటి పొర, దాని మీద సముద్రపు గాలి. నీళ్లలో కొంత ఆవిరవుతూ గొట్టం వేడిని పట్టుకుపోయేది. వేసవిలో మట్టికుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇది.

మా మేస్త్రీ గారికి రోజూ మొదటి పని గేజి చూడడం. అమ్మోనియా 40 డిగ్రీల దగ్గర ద్రవమవుతుంటే గేజి మీద సుమారు 210 పౌండ్లు ఉండాలి. అంతకు మించి ముల్లు పైకి పోతోందంటే ఆయన కంప్రెసర్ దగ్గరికి వెళ్లేవారు కాదు. "ఒరే అబ్బాయ్, ముందు పైకెక్కి గొట్టాలు చూసి రా. మిషను సంగతి తరవాత చూద్దాం" అనేవారు. ఎక్కి చూస్తే మూడింటిలో ఒకటి కనిపించేది. నీళ్లు ఒక పక్కకే జారి రెండో పక్క గొట్టాలు ఎండిపోయి ఉండేవి. లేదా పాచి, సున్నపు పొర పట్టి ఉండేవి. ఇవి రెండూ కాకపోతే లోపల గాలి చేరి ఉండేది. గాలి అమ్మోనియాలా ద్రవం కాదు. కండెన్సర్‌లో చోటు ఆక్రమించి కూర్చుంటుంది, ఒత్తిడి పెంచుతుంది. దాన్ని ఓపికగా, కొంచెం కొంచెంగా, రబ్బరు గొట్టం చివర నీళ్లలో ముంచి బయటికి తీసేవాళ్లం. గాలైతే బుడగలుగా పైకి వస్తుంది. అమ్మోనియా అయితే నీళ్లలోనే కరిగిపోతుంది. బుడగలు తగ్గి చిటపట శబ్దం రాగానే వాల్వు కట్టెయ్యాలి.

సున్నపు పొర ఎంత పని చేస్తుందో ఒక మే నెలలో ఓ కోల్డ్ స్టోరేజీలో చూశాను. బోరు నీళ్లు ఉప్పుబారాయి. గొట్టాల మీద తెల్లటి పొర పెంకులా గట్టిపడింది. మిట్టమధ్యాహ్నం కాగానే ఒత్తిడి పెరిగి హైప్రెషర్ కటౌట్ కంప్రెసర్‌ను ఆపేసేది. లోపల చల్లదనం తగ్గుతోంది. మిర్చికి వేడి తగిలితే రంగు పోతుంది, రంగు పోతే ధర పోతుంది. ఆ సంవత్సరం రేటు పడిపోయిందని రైతులు టిక్కీలు అమ్మకుండా నిలవపెట్టుకున్నారు. ఒక పెద్దాయన రెండు రోజులు మెట్ల మీదే కూర్చున్నాడు. "బాబూ, కూతురి పెళ్లి దీని మీదే పెట్టుకున్నా" అన్నాడు, అంతకు మించి ఏమీ అడగలేదు. యజమాని కొత్త కంప్రెసర్ తెప్పిస్తానంటున్నారు. మేం నలుగురం రెండు రాత్రులు ఒక్కో వరసా ఆపి పొర గీకాం, నీళ్లు జారే తొట్లు సరిచేశాం, మెత్తటి నీళ్లు ట్యాంకర్లతో తెప్పించాం. మూడో రోజు మధ్యాహ్నం మిషను ఆగలేదు. కొత్త కంప్రెసర్ అక్కర్లేకపోయింది. ఆ పెద్దాయన టిక్కీలు ఏ రేటుకు అమ్ముకున్నాడో నాకు తెలియదు గానీ రంగుతోనే బయటికి వెళ్లాయి.

ఇంట్లోకి వచ్చిన కాయిల్

ఇళ్లలోకి రావాలంటే నీళ్ల తొట్టితో కుదరదు, వేడిని గాలికి వదలాలి. 1927లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ మానిటర్ టాప్ అనే ఫ్రిజ్ తెచ్చింది. గుండ్రటి కంప్రెసర్, దాని చుట్టూ కాయిల్, రెండూ పెట్టె నెత్తి మీద కిరీటంలా ఉండేవి. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి ఆ చోటు సబబే. అయితే ఆ కాలపు వాయువులు ప్రమాదకరమైనవి. సల్ఫర్ డయాక్సైడ్ ఘాటుకు ఊపిరాడదు. మిథైల్ క్లోరైడ్ కారి ఇళ్లలో మనుషులు చనిపోయారు. అందుకే 1928లో థామస్ మిడ్‌గ్లీ బృందం విషం కాని, మంట అంటుకోని కొత్త వాయువులు కనిపెడితే లోకమంతా ఊపిరి పీల్చుకుంది. ఫ్రియాన్ అన్న పేరు అలా ఇంటింటి మాట అయింది.

మన దేశంలో 1958లో గోద్రెజ్ ఫ్రిజ్ తయారీ మొదలుపెట్టింది. మన చిన్నప్పుడు ఫ్రిజ్ ఉన్న ఇళ్లు వీధికి ఒకటో రెండో. వెనక నల్లటి తీగల జల్లెడ వెచ్చగా ఉండేది. వానాకాలంలో పసిపిల్లల బట్టలు దాని మీద ఆరేసిన తల్లులు ఎందరో. ఆరేసిన బట్ట వేడి పోయే దారికి అడ్డం పడుతుంది, అప్పుడు ఫ్రిజ్ ఇంకాస్త ఎక్కువసేపు తిరగాలి. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటికి ఆ కాయిల్ పక్క గోడల రేకు లోపల దాగి ఉంటుంది. పక్కలు వేడెక్కుతున్నాయి, పాడయిందేమో చూడమని ఇప్పటికీ నాకు ఫోన్లు వస్తాయి. అది పాడవడం కాదు, పనిచేస్తోందనడానికి గుర్తు.

ఫ్రియాన్ సంగతి అంతటితో అయిపోలేదు. ఆ జాతి వాయువులు ఆకాశంలో ఓజోను పొరను తినేస్తాయని 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, 1992లో భారతదేశం అందులో చేరింది. ఆ తేదీనే ఏటా బడుల్లో ఓజోను దినం జరుపుతున్నారు. తరవాత వచ్చిన వాయువులు ఓజోనుకు హాని చెయ్యకపోయినా భూమిని వేడెక్కిస్తున్నాయని తేలింది. వాటిని తగ్గించాలని 2016లో కిగాలీలో నిర్ణయించారు. మా చేతుల్లో ఆర్-12 పోయి ఆర్-134ఎ వచ్చింది. ఆర్-22 పోయి ఆర్-410ఎ, ఆర్-32 వచ్చాయి. ఇప్పుడు ప్రొపేన్, ఐసోబ్యూటేన్ కూడా వాడుతున్నారు. అవి మన వంటగ్యాసు బంధువులు, మంట అంటుకుంటాయి. ఒకప్పుడు పాత గ్యాసును గాలిలోకి వదిలేసి టార్చి వెలిగించేవాళ్లు. ఇవాళ ఆ అలవాటు ప్రాణం తీస్తుంది.

పెట్టడం, చూసుకోవడం

ఇన్ని వాయువులు మారినా కాయిల్ కోరేవి మారలేదు. దానికి గాలి ఆడాలి, ఒంటి మీద మురికి ఉండకూడదు, గొట్టం లోపల తేమ చేరకూడదు.

బయటి పెట్టెను గోడకు ఆనించి పెడితే, లేదా అందం కోసం చుట్టూ రేకులు కట్టేస్తే, అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. ఒకదానికెదురుగా ఒకటి పెట్టినా అంతే. మా లెక్కలో కండెన్సర్ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే కరెంటు ఖర్చు సుమారు 2 నుంచి 3 శాతం పెరుగుతుంది. రెంటచింతల ఎండల్లో ఈ లెక్క మీటరు మీదే కనిపిస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి రాగి గొట్టం, అల్యూమినియం రేకులు కలిసిన చోట రేకు పిండిలా రాలిపోతుంది. అక్కడ పూత ఉన్న కాయిల్ తీసుకోవాలి, మంచినీళ్లతో తరచూ కడగాలి.

గొట్టాలు అతికేటప్పుడు లోపల నైట్రోజన్ సన్నగా పారించాలి. లేకపోతే లోపల నల్లటి పొట్టు కట్టి సన్నని దారులను మూసేస్తుంది. లీకు పరీక్షకు నైట్రోజనే వాడాలి. ఆక్సిజన్ ఎన్నడూ వాడకూడదు. కంప్రెసర్ నూనెతో కలిస్తే పేలుతుంది. తరవాత వాక్యూమ్ పంపుతో గాలిని, తేమను పూర్తిగా లాగాలి. ఏటేటా గ్యాసు ఎక్కించాల్సి వస్తోందంటే ఎక్కడో లీకు ఉందన్నమాట. మూసిన గొట్టంలో గ్యాసు అరిగిపోదు. ముందు లీకు చూపించమని అడగండి.

కడగడం కష్టమేమీ కాదు. ముందు మెయిన్ ఆపాలి. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపాలి. లోపలి వైపు నుంచి బయటికి, రేకుల వెంబడి నీళ్లు మెల్లగా పోయాలి. బలమైన ధార కొడితే రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది. వంగినవాటిని దువ్వెనలాంటి పనిముట్టుతో నిలబెట్టాలి.

ఇక చివరిగా, ఆ పని చేసే మనిషి గురించి. అపార్టుమెంట్లు కట్టేటప్పుడు బయటి పెట్టెను మనిషి నిలబడలేని చోట వేలాడదీస్తారు. నాలుగో అంతస్తు సన్నని అంచు మీద, నడుముకు తాడు లేకుండా, ఒక చేత్తో కిటికీ పట్టుకుని రెండో చేత్తో పానా తిప్పే కుర్రాళ్లను రోజూ చూస్తున్నాను. అలా పడిపోయిన వాళ్లూ నాకు తెలుసు. ఇంటి ప్లాను గీసే ఇంజనీర్లు మన పూర్వ విద్యార్థుల్లోనే ఉన్నారు. మెకానిక్ నిలబడడానికి జాగా ఉన్న చోటే ఆ పెట్టెకు స్థలం చూపించండి. మీ ఇంటికి వచ్చిన కుర్రాడు తాడు కట్టుకునే దాకా ఎక్కనివ్వకండి. ఆలస్యమైనా ఫరవాలేదు.

మన సంఘానికి ఒక మనవి. పూర్వ విద్యార్థులు బడులకు వాటర్ కూలర్లు ఇవ్వడం మంచి సంప్రదాయం. ఇచ్చిన రోజు ఫొటో ఉంటుంది, ఇచ్చినవారి పేరుతో ఫలకం ఉంటుంది. తరవాత దాన్ని గోడకు నెట్టేస్తారు, వెనక కాయిల్ నిండా సుద్దపొడి, బూజు. నాలుగో వేసవికి గోరువెచ్చటి నీళ్లు వస్తుంటే పాడయిందని మూల పడేస్తారు. ఇకపై మనం ఇచ్చే ప్రతి యంత్రానికీ ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలో ఒకసారి, జూన్‌లో బడి తెరిచే ముందు ఒకసారి, శుభ్రం చేసే బాధ్యత కూడా మనమే తీసుకుందాం. మా ట్రేడు వాళ్లం పనికి వస్తాం, కూలి అక్కర్లేదు. సైన్సు ఉపాధ్యాయులు ఆ రోజు తొమ్మిదో తరగతి పిల్లలను వెంటబెట్టుకుని వస్తే, అరచేతిలో స్పిరిట్ చుక్క దగ్గర మొదలైన పాఠం వాళ్లు తాగే నీళ్ల దాకా ఎలా వచ్చిందో కాయిల్ మీద చెయ్యి పెట్టి చూసుకుంటారు. వాళ్లలో ఒకరిద్దరు మా ట్రేడుకు వచ్చినా మంచిదే. రాబోయే వేసవులకు వాళ్ల అవసరం చాలా ఉంది.